సాకెట్ అడ్రస్ మారినప్పుడు రీహాషా, ఫాల్‌బ్యాక్ లుకప్పా: ఏది మేలు?

హాష్ టేబుల్‌లో (కీని బట్టి ఎంట్రీలను బకెట్లలోకి పంచే పట్టికలో) పెట్టిన ఎంట్రీకి తర్వాత కీ మారితే దాన్ని కొత్త బకెట్‌లోకి మార్చాలా (రీహాష్), దొరకనప్పుడు ఇంకోచోట వెతికితే చాలా (ఫాల్‌బ్యాక్)? కోడ్ రివ్యూల్లో నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. పోయిన నెల మా టీమ్‌లోనే మళ్లీ వచ్చింది. ప్రతిసారీ నేను లైనక్స్‌లో యూడీపీ (ఇంటర్నెట్‌లో ప్యాకెట్లు పంపే ఒక ప్రోటోకాల్) సంగతే చెబుతాను. అక్కడ ఈ రెండు పద్ధతులూ వాడారు, పద్నాలుగేళ్ల తేడాతో.

వచ్చిన ప్యాకెట్ ఏ సాకెట్‌కి (ప్రోగ్రామ్ నెట్‌వర్క్‌కి తగిలించుకునే కొసకి) చెందుతుందో వెతకడానికి, లైనక్స్ 2.6.33 కెర్నల్‌లో డెవలపర్ ఎరిక్ డుమజే యూడీపీకి రెండో హాష్ టేబుల్ చేర్చారు. మొదటి టేబుల్‌కి పోర్టు ఒక్కటే కీ. ఒకే పోర్టును వందల అడ్రస్‌ల మీద బైండ్ చేసే (సాకెట్‌కి కట్టిపెట్టే) సర్వర్లలో, ఒకే బకెట్‌లో పడ్డ సాకెట్ల గొలుసు చాంతాడంత అవుతుంది. అందుకని రెండో టేబుల్‌కి లోకల్ అడ్రస్, పోర్టు కలిపి కీగా పెట్టారు. మొదటి గొలుసులో 10 కంటే ఎక్కువ సాకెట్లు ఉంటేనే రెండోదాన్ని చూసేవారు.

బైండ్ చేయకుండా నేరుగా కనెక్ట్ (అవతలివాళ్ల అడ్రస్ ఖాయం చేసే కాల్) పిలిచినప్పుడు చిక్కు వచ్చింది. కెర్నల్ ముందుగా ఏదో ఒక పోర్టు కేటాయించి, అడ్రస్ ఇంకా 0.0.0.0గా (అంటే ఏ అడ్రస్ అయినా సరే అన్నట్టు) ఉండగానే సాకెట్‌ను రెండు టేబుల్స్‌లోనూ పెట్టేస్తుంది. ఆ తర్వాత రూట్ చూసి అసలు అడ్రస్ నింపుతుంది. రెండో టేబుల్‌లో సాకెట్ మాత్రం పాత చోటే ఉండిపోతుంది. ఇల్లు మారాక ఓటరు జాబితాలో పేరు పాత బూత్‌లోనే మిగిలినట్టు. కొత్త బూత్‌లో పేరు ఉండదు, పాత బూత్‌కి వెళ్తే అడ్రస్ సరిపోదు. పైగా ఆ 10 హద్దు వల్ల డెవలపర్ మెషిన్‌లో అంతా బాగానే నడుస్తుంది. సాకెట్లు కిక్కిరిసిన సర్వర్‌లోనే ప్యాకెట్లు మాయమవుతాయి. ఇలాంటి బగ్ ఎంత టెన్షన్ పెడుతుందో వెతికినవాళ్లకే తెలుసు.

2010 సెప్టెంబరులో దీన్ని సరిచేసిందీ డుమజేనే. ఆయన రీహాష్ దారి పట్టారు. కనెక్ట్‌లో అడ్రస్ మారితే సాకెట్‌ను రెండో టేబుల్‌లో పాత బకెట్ నుంచి తీసి కొత్త బకెట్‌లో పెడతారు. పోర్టు మారలేదు కాబట్టి మొదటి టేబుల్ జోలికి పోనక్కర్లేదు.

అప్పుడే ఫాల్‌బ్యాక్ పెట్టి ఉంటే? ఇంకా తేలిక కదా అని చాలామంది అంటారు. ఖర్చు సంగతే చూస్తే, ఎవరికీ చెందని ప్రతి ప్యాకెట్టూ ఆ పొడుగు గొలుసంతా నడిపిస్తుంది. పోర్టు స్కాన్ చేసేవాళ్లకు అది వరమే. కానీ నాకు అంతకంటే పెద్ద అభ్యంతరం వేరే ఉంది. ఫాల్‌బ్యాక్ పనిచేసేది లుకప్ ఖాళీ చేతులతో వచ్చినప్పుడే. తప్పు సాకెట్‌ను పట్టుకొస్తే దానికి తెలియదు. ఒకే పోర్టు మీద 0.0.0.0కి బైండ్ అయిన సాకెట్ ఒకటి, ఒక క్లయింట్‌కే కనెక్ట్ అయిన సాకెట్ ఇంకొకటి ఉన్నాయనుకోండి. డీటీఎల్‌ఎస్ (యూడీపీ మీద ఎన్‌క్రిప్షన్) సర్వర్లలో ఇది మామూలే. కనెక్ట్ అయిన సాకెట్ తప్పు బకెట్‌లో ఉంటే, దాని ప్యాకెట్ నిశ్శబ్దంగా మొదటి సాకెట్‌కి వెళ్తుంది. లుకప్ విజయవంతమే, ఫాల్‌బ్యాక్ అవసరమే పడదు, లాగ్‌లో ఏమీ ఉండదు. నా దృష్టిలో వ్యవహారం తేలేది ఇక్కడే.

అలాగని రీహాష్‌లో లోపం లేదనను. అడ్రస్ రాయడానికీ, బకెట్ మార్చడానికీ మధ్య చిన్న సందు ఉంటుంది. 2018 చివర్లో ఇంకో కారణంతో లుకప్ నుంచి మొదటి టేబుల్‌ను పూర్తిగా తీసేశాక, 10 హద్దు కూడా పోయి, ఈ సందు ఖాళీ సర్వర్లకూ తగిలేలా తయారైంది. సోక్యాట్‌ను (రెండు చోట్ల మధ్య డేటా చేరవేసే టూల్) యూడీపీ లిజన్ మోడ్‌లో నడిపితే, మొదటి ప్యాకెట్ రాగానే పంపినవాళ్లకి కనెక్ట్ చేస్తుంది. సరిగ్గా ఆ సందులో రెండో ప్యాకెట్ వస్తే క్లయింట్‌కి 'పోర్టు అందుబాటులో లేదు' అనే ఎర్రర్ వెళ్తుంది. 2024 డిసెంబరులో వచ్చిన ప్యాచ్ ఇక్కడ ఫాల్‌బ్యాక్ తెచ్చింది. ఏదీ దొరక్కపోతే చివరగా పోర్టు టేబుల్ చూస్తారు, పోర్టు మారదు కాబట్టి సాకెట్ అక్కడ ఉంటుంది. లుకప్‌లో లాక్ పట్టుకుని ఆ సందు మూయవచ్చు, కానీ అప్పుడు ప్రతి ప్యాకెట్టూ మూల్యం చెల్లించాలి. రీహాష్ ఉన్నచోట దాని సందును కాపాడే పనికి ఫాల్‌బ్యాక్ చక్కగా సరిపోయింది. దాన్నే అసలు మందుగా వాడటం మాత్రం నాకు సమ్మతం కాదు.

టేబుల్ పెంచితే పోదా అంటే, పోర్టు ఒకటే అయితే ఎన్ని బకెట్లున్నా అన్నీ ఒక్కదాంట్లోనే పడతాయి. ముందే అసలు అడ్రస్‌కి బైండ్ చేసుకోమని ప్రోగ్రాములకు చెప్పడం సొంత కోడ్‌కైతే సరే, కెర్నల్‌కి కుదరదు.

టీసీపీకీ ఇదే అనుభవం. లైనక్స్ 6.1లో అడ్రస్, పోర్టు కలిపిన బైండ్ టేబుల్ చేర్చినప్పుడు, కనెక్ట్‌లోనే కాక, రూట్ మారి అడ్రస్ మళ్లీ ఎంచుకునే చోట కూడా బకెట్ మార్చాల్సి వచ్చింది. రీహాష్ ఎంచుకున్నవాళ్లు కీ ఫీల్డ్‌ను ఎక్కడెక్కడ రాస్తున్నారో అన్నీ వెతకాలి. ఒక్కటి వదిలినా పాత బగ్గే.

మా కోడ్‌లో అలాంటి చోట్లు మూడు దొరికాయి. మూడింటినీ ఒకే ఫంక్షన్‌లోకి తెచ్చాం. పాత బకెట్ నుంచి తీయడం, ఫీల్డ్ మార్చడం, కొత్తదాంట్లో పెట్టడం అన్నీ దాని లోపలే, ఒకే లాక్ కింద. మా టేబుల్‌లోనూ గొలుసు పొడుగు హద్దు ఒకటి ఉంది. టెస్టుల్లో దాన్ని సున్నా చేసి నడుపుతున్నాం.