చెరువులో మేత చల్లే యంత్రం: 3 నెలలు వాడాక

కైకలూరు దగ్గర మాకు 2 ఎకరాల శీలావతి చేపల చెరువు ఉంది. జూన్ మొదట్లో టైమర్ ఉన్న మేత యంత్రం కొన్నాను. అప్పటికే తేలే మేత కోసం అప్పు చేసి ఉన్నాను కాబట్టి ధర వినగానే గుండె జారింది. మా నాన్నగారైతే "చేప మొహం చూడకుండా మేత వేసేది ఏం సాగురా" అన్నారు.

ఒకప్పుడు చిల్లుల సంచుల్లో తవుడు నింపి వెదురు గడలకు కట్టేవాళ్లం. తేలే మేతకు మారాక రోజుకు రెండు పూటలు చేత్తో చల్లాం. చెరువులో 4,000 చేపలు, ఒక్కోటి సగటున 250 గ్రాములు, అంటే వెయ్యి కిలోలు. బరువులో 3 శాతం చొప్పున రోజుకు 30 కిలోల మేత. 15 కిలోలు ఒకేసారి పడితే బలమైనవి ఎగబడేవి, చిన్నవి అంచుల్లో తిరిగేవి. పైగా శీలావతికి మనలా పొట్ట సంచి ఉండదు, ఉన్నదంతా పొడవాటి పేగే. ఎక్కువ మింగినా ఒంటబట్టేది తక్కువ.

యంత్రం అదే 30 కిలోలను 9, 11, ఒకటిన్నర, 4 గంటలకు నాలుగు వాటాలుగా విసురుతుంది. వారం తిరిగేసరికి మోటారు మోగక ముందే చేపలు అక్కడికి చేరడం మొదలైంది. కొంగలు కూడా, గట్టు మీద వరసగా. జూన్‌లో వల లాగితే 180 గ్రాముల చేపా 330 గ్రాముల చేపా పక్కపక్కనే పడ్డాయి. ఆగస్టు చివర చాలావరకు 420కి అటూ ఇటూగా ఉన్నాయి. నేను పెట్టిన డబ్బుకు ఈ ఒక్కటీ చాలు. (చెరువులో ఉన్న కొద్దిపాటి బొచ్చె చేపలు మాత్రం యంత్రం వైపు పెద్దగా రాలేదు. వాటి తిండి నీళ్లలోని సన్నటి పురుగులు.)

ఇక అసలు లోపం. ఆగస్టులో మూడు రోజులు ముసురు పట్టింది. ఎండ లేకపోతే తెల్లవారాక కూడా నీళ్లలో ప్రాణవాయువు పుంజుకోదు. చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఆ పూట మేత ఆపాలని ఇక్కడ పిల్లవాడికి కూడా తెలుసు, టైమర్‌కు తెలియదు. నేను ఆకివీడులో పెళ్లికి వెళ్లి వచ్చేసరికి యంత్రం రెండు వాటాలు చల్లేసింది. ఉబ్బిన మేత గుళికలు ఈశాన్యం మూలకు కొట్టుకువచ్చి, వేలితో నొక్కితే పిండిలా విడిపోయాయి. మిగిలిన మేత కుళ్లితే అమ్మోనియా పెరుగుతుంది. రెండు రోజులు మేత మానేసి, ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) తిప్పి, కొత్త నీరు పెట్టినా 11 చేపలు పోయాయి. డీలర్‌కు ఫోను చేస్తే "రిమోట్ ఉంది కదండీ" అన్నారు. ఆ రిమోట్ గట్టు దాటితే పని చేయదు.

చిన్న చికాకులూ ఉన్నాయి. గాలి ఎదురైతే మేత గట్టు మీద పడుతుంది. వానాకాలంలో మేత పొడి తేమకు ముద్దకట్టి గరాటు మూతిలో ఇరుక్కుంటుంది, వారానికోసారి పుల్లతో గీకాలి.

ఇప్పుడు 9 గంటల పూటను టైమర్ నుంచి తీసేశాను. నీళ్లు చూసి, నాలుగు గుప్పెళ్లు చల్లి, చేపలు లేస్తేనే మీట నొక్కుతున్నాను. మా నాన్నగారు ఆ సమయానికి గొడుగు వేసుకుని మరీ వస్తున్నారు. ఈ యంత్రానికి అయిదుకు మూడున్నర మార్కులు ఇస్తాను. ఇంటి నుంచి ఫోనులో ఆపగలిగే రకం దొరికితే రెండో చెరువుకు అది కొంటాను, ఇది కాదు.