గుంటూరు ఇంట్లో పీసీ, విజయవాడలో మనం: అప్‌స్నాపా, స్మార్ట్ ప్లగ్గా?

విజయవాడ ఆఫీసు నుంచి గుంటూరు ఇంట్లోని కంప్యూటర్‌ను ఆన్ చేయడానికి వేక్ ఆన్ ల్యాన్ (నెట్‌వర్క్ ద్వారా సంకేతం పంపి పీసీని లేపే పద్ధతి) ఒక దారి, స్మార్ట్ ప్లగ్ (ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే ప్లగ్) ఇంకోటి.

మొదటిదానికి అప్‌స్నాప్ అనే యాప్ బాగుంటుంది. ఉచితం, ఓపెన్ సోర్స్. ఎప్పుడూ ఆన్‌లో ఉండే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీద, డాకర్‌లో (యాప్‌లను విడివిడిగా నడిపే సాఫ్ట్‌వేర్) నడుస్తుంది. బటన్ నొక్కితే పీసీని లేపే సంకేతం, అంటే 102 బైట్ల మ్యాజిక్ ప్యాకెట్ వెళ్తుంది: ముందు ఎఫ్ఎఫ్ విలువతో 6 బైట్లు, తర్వాత ఆ పీసీ మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు సంఖ్య) 16 సార్లు. ఇది మామూలుగా బయటి నుంచి రౌటర్ దాటి లోపలికి రాదు. అందుకే ఆ చిన్న బోర్డు ఇంట్లోనే ఉండాలి, మనం టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్‌తో (ఇంటి నెట్‌వర్క్‌కు సురక్షితమైన దారి) దాన్ని చేరాలి. రౌటర్‌లో పోర్టులు తెరవడం మాత్రం వద్దే వద్దు. పీసీకి కేబుల్ పెట్టండి, వైఫైని నమ్ముకోలేం.

స్మార్ట్ ప్లగ్ తేలిక. కరెంటు రాగానే పీసీ ఆన్ అయ్యేలా బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగులు ఉండే చోటు) పెడితే చాలు. కానీ ఆపడానికీ ప్లగ్గే వాడితే నడుస్తున్న సిస్టం పీక నొక్కినట్టే, ఫైళ్లు పాడవ్వచ్చు. పైగా చాలా ప్లగ్గులు కంపెనీ క్లౌడ్ లేనిదే కదలవు.

ఎండాకాలం కరెంటు కోతల్లో మాత్రం ప్లగ్‌దే పైచేయి. కరెంటు పోయి వచ్చాక కొన్ని మదర్‌బోర్డులు, ఎవరో ఒకసారి బటన్ నొక్కేదాకా మ్యాజిక్ ప్యాకెట్‌ను పట్టించుకోవు. (ఇంట్లో అమ్మకు ఫోన్ చేయాల్సిందే!) ఆ బయాస్ సెట్టింగ్ ప్లగ్ లేకపోయినా పనిచేస్తుంది. కాబట్టి అప్‌స్నాప్ ఎంచుకున్నా దాన్ని పెట్టుకోండి.