పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్: మూడేళ్లు వాడాక

నా ల్యాప్‌టాప్ 2013లో కొన్నది. మూడో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, అప్పటి హార్డ్‌డిస్క్. 2022 ఆగస్టులో 240 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయించి, ర్యామ్ 8 జీబీ చేయించి, అప్పుడే వచ్చిన లినక్స్ మింట్ 21 ఎక్కించాను. మింట్ అంటే విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. అందులో పాత కంప్యూటర్లకు తేలిగ్గా ఉండే ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం తీసుకున్నాను. అప్పట్నుంచీ నా అనువాదం పనంతా దీని మీదే.

ఇన్‌స్టాల్ పావుగంటలో అయిపోయింది. రీస్టార్ట్ చేస్తే మాత్రం నల్లటి తెర మీద ‘నో బూటబుల్ డివైస్’. మళ్లీ మొదట్నుంచీ చేశాను, మళ్లీ అదే. పెన్‌డ్రైవ్ నుంచే మింట్‌ను నడిపి (దీన్నే లైవ్ అంటారు) చూస్తే డిస్కులో అన్నీ చక్కగా ఉన్నాయి.

చిక్కు ఫర్మ్‌వేర్‌లో, అంటే ల్యాప్‌టాప్ ఆన్ కాగానే ముందుగా నడిచే ప్రోగ్రామ్‌లో ఉంది. ఇప్పటి ఫర్మ్‌వేర్ అయిన యూఈఎఫ్ఐ, పాత ఫర్మ్‌వేర్ బయోస్‌లా డిస్కు మొదటి సెక్టార్‌లోని కోడ్‌తో సిస్టమ్‌ను మొదలుపెట్టదు. డిస్కులో ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉండే చిన్న పార్టిషన్ (భాగం) లోంచి ఒక ఈఎఫ్ఐ ఫైలు తీసుకుని నడుపుతుంది. మింట్‌కు పునాది ఉబుంటు అనే మరో లినక్స్ కాబట్టి ఆ ఫైలు ‘ఉబుంటు’ అనే ఫోల్డర్‌లో ఉంటుంది. నా ల్యాప్‌టాప్ ఆ ఫైలును నమ్మలేదు. నమ్మమని చెప్పే మెనూ ఫర్మ్‌వేర్ సెట్టింగుల్లో ఉంది గానీ బూడిద రంగులో ఉండి, ఎంత నొక్కినా తెరుచుకోదు. ఆ సెట్టింగులకు తాళంలాంటి సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెట్టాకే అది తెరుచుకుంటుందని తెలియడానికి రెండు రాత్రులు పట్టింది. ఈ ముక్క మాన్యువల్‌లో ఒక్క లైను రాసి ఉంటే ఎంత బాగుండేది!

ఎఫ్2 నొక్కి ఆ సెట్టింగుల్లోకి వెళ్లి పాస్‌వర్డ్ పెట్టాను. సెక్యూరిటీ పేజీలో హెచ్‌డీడీ0, ఈఎఫ్ఐ, ఉబుంటు అని వరసగా దిగి షిమ్‌ఎక్స్64 అనే ఆ ఈఎఫ్ఐ ఫైలును ఎంచుకుని, దానికో పేరిచ్చి, ఎఫ్10తో సేవ్ చేశాను. తర్వాత బూట్ వరసలో ఆ పేరును పైకి జరిపాను. నమ్మిన ఫైళ్లనే నడపనిచ్చే సెక్యూర్ బూట్ రక్షణను తీసేయాల్సిన పని కూడా రాలేదు. పని కాగానే పాస్‌వర్డ్ తీసేయండి. మరిచిపోతే పెద్ద తలనొప్పి.

నిరుడు ఫ్యాన్ మార్పించినప్పుడు ఫర్మ్‌వేర్ సెట్టింగులన్నీ డిఫాల్ట్‌కి పోయి మళ్లీ అదే నల్ల తెర వచ్చింది. ఈసారి ఐదు నిమిషాల్లో సరిచేశాను.

వైఫై డ్రైవర్ విడిగా వేసుకోవాల్సి వచ్చింది. ఫోన్‌ను యూఎస్‌బీతో తగిలించి నెట్ తీసుకుంటే డ్రైవర్ మేనేజరే దించుకుంది. మూత మూసి తెరిచినప్పుడు ఇప్పటికీ అప్పుడప్పుడూ వైఫై లేవదు, దాన్ని ఆపి మళ్లీ ఆన్ చేయాలి.

తెలుగు విషయంలో నాకు పూర్తి తృప్తి. టైపింగ్ భాషలు మార్చే ఐబస్ ప్రోగ్రామ్‌కు ఎం17ఎన్ ప్యాకేజీ వేస్తే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డూ, ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే ఆర్‌టీఎస్ పద్ధతీ రెండూ వస్తాయి. నాకు ఇన్‌స్క్రిప్టే అలవాటు. లిబ్రెఆఫీస్‌లో ‘రాష్ట్రం’, ‘స్త్రీ’ లాంటి మాటల్లో ఒత్తులు ఎక్కడా విడిపోవు. తెలుగువిజయం ప్యాకేజీతో మండలి లాంటి మంచి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫైళ్లకు మాత్రం ఇక్కడ దారి దొరకలేదు, వాటిని పంపినవాళ్లను యూనికోడ్‌లో అడుగుతున్నాను. నా డిజిటల్ సంతకం డాంగిల్ కూడా ఇందులో పని చేయలేదు. ఆ ఒక్క పనికి తమ్ముడి కంప్యూటర్ వాడుకుంటాను.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10 మద్దతు ముగిశాక, పాత ల్యాప్‌టాప్ ఏం చేయాలని తెలిసినవాళ్లు చాలామంది అడుగుతున్నారు. ముందు పెన్‌డ్రైవ్ నుంచే ఒక పూట నడిపి వైఫై, సౌండ్, కెమెరా చూసుకోమంటున్నాను. ఎస్‌ఎస్‌డీ లేకపోతే ముందు అది వేయించమంటున్నాను.

మింట్ 21కి 2027 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఈలోపే 22కి మారతాను. ఆ ఎఫ్2 మెనూ వరసంతా కాగితం మీద రాసి ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకున్నాను.