రెండొందల మంది కోడింగ్ క్లాసు: ఓటు వేయించి చర్చ పెట్టడం మేలా, జంటగా రాయించడం మేలా?

మొదటిసారి ప్రోగ్రామింగ్ నేర్చుకునే రెండొందల మందిని "డౌట్లున్నాయా?" అని అడిగితే చేతులెత్తేది ముందు బెంచీల్లో ఐదారుగురు. నిజానికి వాళ్లకే డౌట్లు తక్కువ. అందుకే ఒట్టి లెక్చరు చాలదన్న మాటపై పెద్దగా వాదన లేదు. పిల్లల చేతే పిల్లలకు నేర్పించాలంటే ఏ దారి పట్టాలన్న దగ్గరే తేడా వస్తుంది.

ఒక దారి పీర్ ఇన్‌స్ట్రక్షన్. 1991లో హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ ఫిజిక్స్ క్లాసులో దీన్ని మొదలుపెట్టారు. ప్రశ్న వేస్తారు, ఎవరికి వారు ఓటు వేస్తారు, పక్కవాళ్లతో వాదించుకుంటారు, మళ్లీ ఓటు వేస్తారు. టీచరు నోరు విప్పేది ఆ తర్వాతే.

ఉదాహరణకు పైథాన్‌లో 'ఎ'కి 5 ఇచ్చాం. 'బి = ఎ' అని రాశాం. తర్వాత 'ఎ'ని 7 చేశాం. ఇప్పుడు 'బి' ఎంత? కొత్తవాళ్లలో కొందరు 7 అంటారు. తప్పు వాళ్లది కాదు, సమానం గుర్తంటే రెండు వైపులా ఎప్పటికీ సమానమేనని లెక్కల క్లాసులో నేర్చుకున్నారు మరి. 5 అన్న అమ్మాయి "అప్పుడున్న విలువ కాపీ అయింది, అంతే" అంటుంది. వెనక నుంచి ఇంకొకడు "మరి 'ఎ'లో లిస్టు, అంటే అంకెల వరుస, పెట్టి, అందులో ఒక అంకె మారిస్తే 'బి'లో కూడా మారుతోందేంటి?" అంటాడు. 'కాపీ' అన్న మాట సరిపోదని అక్కడే తేలిపోతుంది. ఇంత మంచి ప్రశ్న ముందుగా రాసిపెట్టుకోవడం నాకైతే చేతకాదు.

తెలివైనవాడి జవాబునే అందరూ కాపీ కొడతారు కదా అని అనుమానం రావచ్చు. 2009లో సైన్స్ పత్రికలో వచ్చిన కొలరాడో విశ్వవిద్యాలయం జెనెటిక్స్ క్లాసు అధ్యయనం దాన్నే పరీక్షించింది. చర్చ తర్వాత అదే విషయంపై వేరే ప్రశ్న ఇచ్చి ఎవరికి వారే రాయమంటే, మొదట ఎవరికీ జవాబు తెలియని గుంపులు కూడా మెరుగుపడ్డాయి. కంప్యూటర్ కోర్సుల విషయానికొస్తే, శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నాలుగు కోర్సుల్లో ఈ పద్ధతి పెట్టాక ఫెయిలయ్యేవాళ్లు సగటున 20 శాతం నుంచి 7 శాతానికి తగ్గారని 2013లో ప్రకటించారు. అయితే అది పదేళ్ల రికార్డులతో పోల్చిన లెక్క, లాటరీ వేసి విద్యార్థుల్ని విడగొట్టిన ప్రయోగం కాదు.

రెండో దారి పెయిర్ ప్రోగ్రామింగ్. ఒకరు డ్రైవర్, టైప్ చేస్తారు. రెండోవారు నావిగేటర్, తప్పులు పట్టి తర్వాతి అడుగు చెబుతారు. కాసేపయ్యాక సీట్లు మారతారు. దీనికి ఉన్న బలం ఓటుకు ఎప్పటికీ రాదు: ఎర్రర్ మెసేజ్ ముందు తల పట్టుకుని కూర్చోవడం, దాన్ని చదివి కోడ్ సరిచేయడం. అది కీబోర్డు దగ్గరే వస్తుంది. శాంటా క్రూజ్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చేసిన అధ్యయనాల్లో, ఒంటరిగా రాసినవాళ్లకన్నా జంటగా రాసినవాళ్లు కోర్సు చివరిదాకా నిలబడటమూ ఎక్కువే.

కానీ రెండొందల మందంటే వంద జంటలు. ఒకరు టకటకా కొడుతుంటే రెండోవారు ఫోన్ చూసుకుంటున్న సంగతి ఎవరు గమనిస్తారు? జంట చెడిందని తెలిసేసరికి పరీక్షలు వచ్చేస్తాయి. ఓటు పద్ధతిలో తప్పు అప్పటికప్పుడే బయటపడుతుంది.

అందుకే ఒక్కటే పెట్టగలిగితే నా ఓటు ఓటుకే. ల్యాబ్ అసిస్టెంట్లు సరిపడా ఉంటేనే జంటలు కలపండి, అదీ దాదాపు ఒకే స్థాయి వాళ్లని. చర్చకు టైమ్ పడుతుంది కాబట్టి సిలబస్ కొంత కోసుకోవాల్సి వస్తుంది, తప్పదు. సుమారు 30 నుంచి 70 శాతం మంది సరిగ్గా చెప్పే ప్రశ్నలే చర్చకు పనికొస్తాయి. ఓటు సరైనదా కాదా అని మార్కులు వేయకండి, వేస్తే టెన్షన్‌తో చర్చ మానేసి జవాబు అడుక్కుంటారు. చేతులెత్తించడం కూడా వద్దు, చుట్టూ చూసి ఎత్తుతారు. క్లిక్కర్లు, అంటే బటన్ నొక్కి ఓటు వేసే చిన్న రిమోట్లు, లేకపోతే రంగు కార్డులు ఛాతీ దగ్గర పట్టుకోమన్నా సరిపోతుంది.