తాతగారి గుండ్రటి ఫ్రేముకు కొత్త అద్దాలు: నెల్లూరులో ఒక పాత దుకాణం

మా తాతగారి గుండ్రటి కళ్ళజోడును నేను పెట్టుకోవాలన్న కోరికతో కావలి నుంచి నెల్లూరుకు రెండుసార్లు తిరిగాను. ట్రంకు రోడ్డు పక్క సందులోని ఒక చిన్న దుకాణంలో ఆ పని జరిగింది. పాత ఫ్రేములు సేకరించేవారికి ఉపయోగపడుతుందని ఈ అనుభవం రాస్తున్నాను.

ఫ్రేము మీద 1/10 12కె జీఎఫ్ (గోల్డ్ ఫిల్డ్) అన్న ముద్ర ఉంది. లోహం బరువులో పదో వంతు 12 క్యారెట్ల బంగారమని దాని అర్థం. 12 క్యారెట్లంటే సగమే బంగారం కనుక, మేలిమి లెక్కన నూటికి ఐదు పాళ్ళే. (కరిగించి అమ్మేద్దామన్న మా బాబాయి ఈ లెక్క విని ఊరుకున్నాడు.) అయితే ఇది పలుచని పూత కాదు, రేకుగా అతికించిన బంగారం కాబట్టి ఇన్నేళ్ళకు కూడా రంగు చెడలేదు; ముక్కుకు ఆనే చోట మాత్రం చెమటకు పచ్చటి చిలుము పేరుకొంది.

ఇంతకుముందు వేరే ఊళ్ళో ఒక దుకాణంవారు అద్దాన్ని కాస్త పెద్దదిగా కోసి, బలవంతాన బిగించి, స్క్రూ మర అరగదీసి నా చేతిలో పెట్టారు. నెల్లూరు దుకాణదారు అలా తొందరపడలేదు. భూతద్దంతో అతుకులన్నీ చూసి, "సార్, ఈ అతుకు ఊడితే మళ్ళీ టంకం పెట్టాల. ఆ వేడికి ఇక్కడ నల్లబడిపోద్ది. ఒప్పుకుంటేనే తీసుకుంటా" అన్నారు. చిలుమును సబ్బునీళ్ళతో, మెత్తని బ్రష్షుతో తీశారే తప్ప పాలిష్ జోలికి పోలేదు. అరిగిన చోట కొత్తగా మర కోసి, ఒక సైజు పెద్ద స్క్రూ వేశారు. అతుకు ఊడలేదు.

నా పవర్ మైనస్ ఐదు. మైనస్ అద్దం అంచుకు పోయేకొద్దీ మందమవుతుంది కాబట్టి, నా పెద్ద ఫ్రేములో సోడాబుడ్డి అడుగులా కనిపించే అంచు ఈ చిన్న గుండ్రటి అద్దంలో సన్నగా వచ్చింది. దూరపు చూపుకూ దగ్గరి చూపుకూ ఒకే అద్దంలో గీత లేకుండా పవర్ ఉండే ప్రోగ్రెసివ్ వేయమని నేను అడిగితే, దగ్గరి చూపుకు చాలినంత ఎత్తు ఈ అద్దంలో లేదని, డబ్బు దండగని ఆయనే వద్దన్నారు.

సొరుగులోని పాత సరుకు విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. రేబాన్‌ను మొదట తయారుచేసిన బాష్ అండ్ లాంబ్ కంపెనీ కాలం నాటిదంటూ నాకొక రేబాన్ ఏవియేటర్ చలువ కళ్ళజోడు చూపారు. 1999లో ఆ కంపెనీ రేబాన్‌ను ఇటలీ కంపెనీ లగ్జోటికాకు అమ్మింది. అంతకుముందు వచ్చిన అద్దాల అంచున సన్నగా బీఎల్ అని చెక్కి ఉంటుంది. దీని మీద ఆర్‌బీ అని ఉంది, అంటే అమ్మకం తర్వాతిదే. చూపించగానే నాకు ధర తగ్గించారు గానీ, ఫ్రేముకు కట్టిన చీటీని మార్చలేదు. నేను కొనలేదు.

ఐదు రోజులని చెప్పి పదకొండు రోజులు పట్టించారు. చెవి వెనుక చుట్టుకునే తీగ కుడివైపు ఇంకా కాస్త వదులుగానే ఉంది. దాన్ని సరిచేయించుకోవడానికి వచ్చే వారం మళ్ళీ వెళ్ళాలి.