పాతూరు సందులోని రికార్డుల షాపు: ఏళ్ళ తరబడి విన్నాక ఏవి నిలిచాయి

అనంతపురంలో కొత్త ఎల్పీ రికార్డులు, అంటే ముల్లు పెట్టి తిప్పే పెద్ద ప్లేట్లు, అమ్మే షాపు ఉందంటే బెంగళూరులో ఉన్న మా వాళ్ళు నమ్మరు. పాతూరులో తిలక్ రోడ్డు నుంచి లోపలికి పోయే ఒక సందులో, మేడమీద ఒకే ఒక్క గది. ఒకప్పుడు ఖాళీ క్యాసెట్టు, పాటల చీటీ ఇస్తే సాయంత్రానికి రికార్డు చేసి ఇచ్చిన షాపే అది. సీడీల కాలం, పెన్‌డ్రైవ్‌ల కాలం దాటి ఇప్పుడు సగం పాత ప్లేట్లతో, సగం కొత్త ఎల్పీలతో నడుస్తోంది. అక్కడ నేను ఏళ్ళుగా కొంటున్నాను. కొన్న వారంలోనే ఉత్సాహంగా రాసే సమీక్షలకు కొదవలేదు. ఈ ఎండల్లో, ఈ దుమ్ములో కొన్నేళ్ళు తిప్పాక ఏ రికార్డు ఎలా ఉందో చెప్పేవాళ్ళే తక్కువ.

నా అభిప్రాయం ముందే చెప్తాను. హిట్ పాటలన్నీ పోగేసిన ఎల్పీకి మూడు వేలు పెట్టడం దండగ. ఆ పాటలు ఫోనులో ఉన్నాయి, అక్కడే బాగుంటాయి. మొదటి వైపు ఇది, రెండో వైపు ఇది అని ఆలోచించి కూర్చిన ఆల్బమ్‌కైతే ఆ డబ్బు న్యాయం. తెలుగు, కర్ణాటక సంగీతాల విషయంలో గీతలు లేని పాత ఇండియన్ ప్రెస్సింగ్, అంటే ఇక్కడే అచ్చు వేసిన ప్లేటు, దొరికితే కొత్త ముద్రణ కోసం ఎదురుచూడక్కర్లేదు.

షాపులో తలుపు పక్క అర ఎక్కువగా అమ్ముడుపోయే వాటిది. ఏళ్ళు గడిచినా అందులో కనపడేవి దాదాపు అవే: పింక్ ఫ్లాయిడ్ ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’, మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’, ఫ్లీట్‌వుడ్ మాక్ ‘రూమర్స్’, బీటిల్స్ ‘అబీ రోడ్’. జేఎన్‌టీయూ పిల్లలు ఇద్దరు ముగ్గురు డబ్బులు కలుపుకుని కొనుక్కుపోవడం చాలాసార్లు చూశాను.

వీటిలో నేను ఎక్కువసార్లు తిప్పింది ‘డార్క్ సైడ్’. 1973 నాటి ఆల్బమ్. మొదటి వైపు మాటలు లేని ఒక స్త్రీ గొంతు ఆలాపనతో ముగుస్తుంది. లేచి ప్లేటు తిప్పితే రెండో వైపు చిల్లర గలగలలతో, గల్లాపెట్టె చప్పుళ్ళతో ‘మనీ’ మొదలవుతుంది. ఫోనులో ఈ రెండూ వెంటవెంటనే వచ్చేస్తాయి. ఎల్పీలో మధ్యన మనం లేచి నడిచే ఆ అర నిమిషం కూడా ఆల్బమ్‌లో భాగమే. ఒక ఇబ్బంది ఏమిటంటే, ఇది గుండె చప్పుడుతో, చాలా నెమ్మదిగా మొదలవుతుంది. ప్లేటు మీద రవ్వంత దుమ్మున్నా ఆ చప్పుడు కంటే చిటపటలే ముందు వినిపిస్తాయి. మన ఊళ్ళో దీన్ని తుడవకుండా ఒక్కసారి కూడా పెట్టలేం.

‘థ్రిల్లర్’లో ఉన్నవి తొమ్మిదే పాటలు, మొత్తం నలభై రెండు నిమిషాలు. ఎల్పీకి కావాల్సిన కొలత సరిగ్గా ఇదే. ఒక వైపు సుమారు ఇరవై రెండు నిమిషాలు దాటితే ముల్లు నడిచే గాడులను దగ్గర దగ్గరగా కోయాలి. దాంతో శబ్దం తగ్గుతుంది, బేస్ పలచబడుతుంది. ఇంకో సంగతి: ప్లేటు ఒకే వేగంతో తిరిగినా, ముల్లు మధ్యకు వచ్చేకొద్దీ దాని కింద జరిగే గాడి పొడవు తగ్గుతుంది. అందుకే ప్రతి వైపూ చివరి పాటలో ‘స’, ‘ష’ శబ్దాలు కాస్త గరగరలాడతాయి. ‘బిల్లీ జీన్’ రెండో వైపు రెండో పాట, అంటే బయటి అంచుకు దగ్గర. ఆ డ్రమ్ము దెబ్బ, ఆ బేస్ నా దగ్గరున్న స్పీకర్లలో ఇన్నేళ్ళయినా అంతే బలంగా ఉన్నాయి. ‘రూమర్స్’ మంచి ఆల్బమే. అయినా ఫోనులో విన్నదానికంటే ప్లేటులో నాకు కొత్తగా దొరికిందేమీ లేదు.

అదే అరలో ఉన్నా ఎవరూ పెద్దగా ముట్టుకోనిది మైల్స్ డేవిస్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’. 1959లో వచ్చిన జాజ్ ఆల్బమ్. శ్రుతి పట్టింపు ఉన్న మన వాళ్ళు దీని కథ వినాల్సిందే. మొదటి వైపు మూడు పాటలు రికార్డు చేసిన రోజున టేప్ యంత్రం కాస్త నెమ్మదిగా తిరిగింది. ఆ టేపును మామూలు వేగంతో ఆడించి ప్లేట్లు కోసేసరికి శ్రుతి రవ్వంత పైకి జరిగింది. దశాబ్దాల పాటు లోకమంతా ఆ పైకి జరిగిన శ్రుతిలోనే విన్నది. ఆ రోజే పక్కన సరైన వేగంతో తిరిగిన ఇంకో యంత్రం టేపును వాడి దాన్ని సరిచేసింది 1992లో. షాపులో ఒకసారి పాత ముద్రణ, కొత్త ముద్రణ రెండూ ఉంటే ఒకదాని తర్వాత ఒకటి పెట్టించుకుని విన్నాను. తేడా చిన్నదే. కానీ ఒకసారి చెవికి అందాక పాతదాన్ని వినబుద్ధి కాలేదు. కొత్త ముద్రణ పాతదాని కంటే మేలని నేను గట్టిగా చెప్పగల ఆల్బమ్ ఇదొక్కటే.

షాపు ఆయన గురించి ఒక మాట. ఏ ప్లేటైనా కొనే ముందు వినిపిస్తాడు. “విని చూడప్పా, నచ్చకుంటే ఆడ్నే పెట్టేసి పో” అంటాడు, నిజంగానే ఏమీ అనుకోడు. పాత ప్లేట్లయితే రెండు వైపులా లైటు కింద అటూ ఇటూ వంచి చూపిస్తాడు. గీత గోటికి తగిలితే ముల్లు ఎగురుతుంది, కంటికి మాత్రమే కనపడేదైతే చాలావరకు వినపడదు. ఈ పద్ధతి నాకు నేర్పింది ఆయనే. అక్కడ నచ్చనిది ఒకటే. కొత్త ఎల్పీ సీలు విప్పాక వెనక్కి తీసుకోరు. విప్పకుండా వంకర ఉందో లేదో ఎలా తెలుస్తుంది? ఈ మధ్య షాపులోనే సీలు విప్పి, ప్లేటును కంటి ఎత్తున పట్టుకుని చూసి, అక్కడే తిప్పించుకుని తెచ్చుకుంటున్నాను. దానికి ఆయన ఒప్పుకుంటాడు.

ఆన్‌లైనులో తెప్పించుకున్న వాటిలో ఒకటి మే నెలలో వచ్చింది. ఏ గోదాములో, ఏ వ్యాను పైన ఎండిందో గానీ పళ్ళెం లాగా అంచులు పైకి లేచి ఉంది. ఫోటోలు పంపినా అమ్మినవాళ్ళు ఒప్పుకోలేదు, డబ్బు పోయింది. మార్చి నుంచి జూన్ దాకా కొరియర్లో రికార్డులు తెప్పించుకోవద్దని అప్పటి నుంచి అందరికీ చెప్తున్నాను.

ఇక కొత్తగా వచ్చినవి. అసలు ఈ రోజుల్లో కొత్త ఆల్బమ్‌లు ఎల్పీగా ఎందుకు వస్తున్నాయంటే, బయటి దేశాల్లో అవి నిజంగానే అమ్ముడుపోతున్నాయి. అమెరికాలో 2022లో సీడీల కంటే ఎల్పీలు ఎక్కువగా అమ్ముడయ్యాయి. 1987 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. ఆ గాలి మా సందు దాకా వచ్చింది.

బిల్లీ ఐలిష్ ‘హిట్ మీ హార్డ్ అండ్ సాఫ్ట్’ 2024 మేలో వచ్చింది. విడుదలకు ముందు ఒక్క పాటను కూడా సింగిల్‌గా బయటికి వదల్లేదు. మొత్తం ఆల్బమ్‌ను ఒకేసారి వినాలన్నది ఆమె కోరిక. పది పాటలు, వైపుకు ఐదు. ఎల్పీ కొనడానికి ఇంతకంటే మంచి కారణం ఏం కావాలి? గుసగుసలాంటి గొంతు, దాని కింద లోతైన బేస్. మా ఇంట్లో రాత్రి భోజనాలయ్యాక ఎక్కువగా తిరిగేది ఇదే. చివరి పాట ‘బ్లూ’లో మాత్రం లోపలి గాడుల గరగర కొద్దిగా తెలుస్తుంది.

టేలర్ స్విఫ్ట్ ‘ది టార్చర్డ్ పోయెట్స్ డిపార్ట్‌మెంట్’ మీద మాత్రం నాకు ఫిర్యాదు ఉంది. రెండు ప్లేట్లు, నాలుగు వైపులు. ఒక్కో వైపు నిడివి తక్కువ కాబట్టి శబ్దం నిండుగా ఉంది, అందులో వంక పెట్టలేను. కానీ అదే ఆల్బమ్‌ను నాలుగు రకాల అట్టలతో, ఒక్కో దాంట్లో ఒక్కో అదనపు పాటతో అమ్మారు. ఆ నాలుగు పాటలూ కావాలంటే అభిమాని నాలుగుసార్లు కొనాలి. పాకెట్ మనీ దాచుకుని కొనే ఆడపిల్లలు ఆ షాపుకు వస్తారు. వాళ్ళతో అలా కొనిపించడం అన్యాయం. ఏదో ఒక్కటి తీసుకోండి, మిగతావి ఫోనులో వినండి.

కొత్తవాటిలో నేను మనస్ఫూర్తిగా చెప్పేది శక్తి బృందం ‘దిస్ మొమెంట్’, 2023. జాన్ మెక్‌లాఫ్లిన్ గిటారు, జాకిర్ హుసేన్ తబలా, శంకర్ మహదేవన్ గాత్రం, గణేశ్ రాజగోపాలన్ వయొలిన్, సెల్వగణేశ్ కంజీర. 1970ల్లో ఇదే బృందంలో ఘటం వాయించిన విక్కు వినాయక్రమ్ కొడుకే ఈ సెల్వగణేశ్. 2024లో దీనికి గ్రామీ వచ్చింది. అదే ఏడాది డిసెంబరులో జాకిర్ హుసేన్ వెళ్ళిపోయారు. త్యాగరాజ ఆరాధనలో, రామనవమి పందిట్లో కచేరీలు విని పెరిగిన చెవికి ఈ ఆల్బమ్‌లో కొత్తా ఉంది, చుట్టరికమూ ఉంది. తబలా జతలో ఎడమ చేతి డగ్గా మీద జాకిర్ హుసేన్ మణికట్టు జరిపినప్పుడు వచ్చే ఆ గంభీరమైన శబ్దం గదిలో నిలబడుతుంది. చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోన్లలో నాకు అది ఎప్పుడూ అంతగా వినపడలేదు. మా నాన్న పాశ్చాత్య సంగీతం అంటే లేచి వెళ్ళిపోయే మనిషి. నోటితో జతులు పలికే కొన్నక్కోల్ మొదలవగానే కుర్చీ దగ్గరికి జరుపుకుని తొడ మీద తాళం వేశాడు.

వెనక గోడకు ఆనించిన పెట్టెల్లో పాత ప్లేట్లు ఉంటాయి. నా దృష్టిలో షాపుకు ప్రాణం అవే. హెచ్ఎంవీ, కొలంబియా, ఓడియన్ పేర్లతో వచ్చిన నలభై ఐదు స్పీడు (నిమిషానికి అన్ని చుట్లు) చిన్న ప్లేట్లు, వాటి మీద తెలుగు అక్షరాల్లో సినిమా పేర్లు. ఘంటసాల భగవద్గీత చాలాసార్లు దొరుకుతుంది, కానీ మంచి స్థితిలో దొరకదు. ప్రతి ఇంట్లో, ప్రతి గుడి మైకులో అరిగేదాకా తిప్పారు మరి. ‘శంకరాభరణం’ ఎల్పీ ఎక్కడ కనపడినా తీసుకోండి. కె.వి. మహదేవన్ సంగీతానికి, బాలు, వాణీ జయరాం గొంతులకు జాతీయ అవార్డులు తెచ్చిన పాటలవి. ఆ పాటల్లో వీణ, మృదంగం నాకు ప్లేటులో విడివిడిగా వినిపిస్తాయి. పాత ప్లేట్లలో నా దగ్గరున్న అన్నింటికంటే విలువైనది టీటీడీ కోసం ఎమ్మెస్ సుబ్బులక్ష్మి పాడిన వేంకటేశ్వర పంచరత్నమాల. మొత్తం ఐదు ఎల్పీలు. నేదునూరి కృష్ణమూర్తి బాణీ కట్టిన ‘నానాటి బతుకు’ అందులోదే. తాళ్ళపాక మనకు ఎంత దూరం? మన సీమలో పుట్టిన మాట అలాంటి గొంతులో, ఇంత స్పష్టంగా ఇంట్లో పలుకుతుంటే డబ్బు సంగతి గుర్తుకు రాదు. నిజానికి ఆ సెట్టుకు నేనిచ్చింది ఒక కొత్త విదేశీ ఎల్పీ ధర కంటే తక్కువే.

డెబ్బై ఎనిమిది స్పీడు లక్క ప్లేట్లు కూడా ఆ పెట్టెల్లో ఉంటాయి. వాటి గాడులు వెడల్పు, వాటికి వేరే ముల్లు కావాలి. ఎల్పీ ముల్లుతో ఆడిస్తే సరిగ్గా వినపడదు, ముల్లూ పాడవుతుంది. వాటిని స్పిరిట్‌తో తుడవకండి, లక్క కరిగిపోతుంది.

మన వాతావరణం గురించి కాస్త వివరంగా చెప్పాలి. అనంతపురంలో దుమ్ము కంటే పొడి గాలి పెద్ద శత్రువు. గాలిలో తేమ లేకపోతే ప్లేటు మీద స్టాటిక్ పుడుతుంది, కాగితం కవరులోంచి లాగగానే చిటచిటమని చుట్టూ ఉన్న దుమ్మునంతా లాక్కుంటుంది. అందుకే లోపలి కాగితం కవర్లు తీసేసి, పాలిథీన్ పొర ఉన్న యాంటీ స్టాటిక్ కవర్లు వేశాను. చిటపటలు తగ్గడానికి నేను చేసిన పనుల్లో ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే. కార్బన్ ఫైబర్ బ్రష్ ప్రతిసారీ, డిస్టిల్డ్ వాటర్‌తో కడగడం అప్పుడప్పుడూ. ఆషాఢం గాలులప్పుడు కిటికీ మూసి వినడమే మేలు.

ప్లేట్లు ఎప్పుడూ నిలువుగానే ఉండాలి, పడమటి గోడకు దూరంగా. 180 గ్రాముల బరువు ప్లేటు అయితే శబ్దం బాగుంటుందని అమ్మేవాళ్ళు చెప్తారు. అది నాకు నిజమనిపించలేదు. వంకర పోవడం మాత్రం తక్కువే, ఈ ఎండలకు అది చాలు. కరెంటు పోయి పాత ఇన్వర్టరు మీద నడిస్తే స్పీకర్లలో గుయ్‌మని హమ్ వస్తుంది. మామూలు కరెంటులాగే సాఫీగా ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ ఇన్వర్టరు పెట్టాక మా ఇంట్లో పోయింది. సూట్‌కేసు లాంటి చవక ప్లేయర్లు కొనకండి. వాటి ముల్లు బరువు ఎక్కువ, మూడు వేల ప్లేటును త్వరగా అరగదీస్తాయి. ముల్లుకు కూడా ఆయుష్షు కొన్ని వందల గంటలే, మార్చడానికి డబ్బు పక్కన పెట్టుకోవాలి.

ఒక్క లోటు మాత్రం ఇన్నేళ్ళలో తీరలేదు. కొత్త తెలుగు సినిమా పాటల ఎల్పీ ఒక్కటి కూడా ఆ అరలో నేను చూడలేదు. షాపు ఆయన దగ్గర ఒక నోటు బుక్ ఉంది, కావాల్సినవి అందులో రాసి కొంత అడ్వాన్సు ఇస్తే బెంగళూరు నుంచో ముంబయి నుంచో తెప్పిస్తాడు. అందులో ఇంగ్లీషు పేర్లు, హిందీ పేర్లు బోలెడు. తెలుగు ఆల్బమ్‌ల పేర్లు రాసింది నేనూ, రిటైరైన ఒక సంగీతం మాస్టారూ. ఇంకో పది పేర్లు చేరితే డిస్ట్రిబ్యూటర్‌తో గట్టిగా మాట్లాడతానని ఆయన అంటున్నాడు. ఆదివారం మధ్యాహ్నం దాకా తెరిచే ఉంటుంది, వెళ్ళినవాళ్ళు మీకు కావాల్సిన తెలుగు ఆల్బమ్ పేరు ఆ బుక్కులో రాసి రండి.