మెక్‌డొనెల్ దారా, విహిల్ దారా?

అమెరికాలో కాలేజీ క్రాస్‌కంట్రీ (మైదానాలు, గుట్టల మీదుగా సాగే దూరపు పరుగు పందెం) కోచ్‌గా పేరు రావాలంటే పెద్ద యూనివర్సిటీలోనే ఉండాలా? జాన్ మెక్‌డొనెల్‌ని చూస్తే అవుననే అనిపిస్తుంది. ఐర్లాండ్‌లోని మేయో నుంచి వలస వచ్చిన ఈయన 1972లో అర్కాన్సా యూనివర్సిటీలో కోచ్ అయ్యి, 2008 దాకా అక్కడే ఉన్నారు. ట్రాక్‌తో కలిపి 40 జాతీయ టీమ్ టైటిళ్లు, అందులో క్రాస్‌కంట్రీవి 11. ఐర్లాండ్ నుంచి కూడా రన్నర్లను రప్పించుకునేవారు. పక్కన పశువుల పెంపకం వేరే!

జో విహిల్‌ది ఇంకో కథ. (ఇంగ్లిష్‌లో Vigil అని చూసి మనం ‘విజిల్’ అనే చదివేస్తాం. కోచ్‌కి నప్పే పేరే.) కొలరాడోలో దాదాపు 7,500 అడుగుల ఎత్తున అలమోసా అనే చిన్న ఊరు, అందులో ఆడమ్స్ స్టేట్ అనే చిన్న కాలేజీలో ఆయన కోచ్. పెద్ద స్టార్లు అంత దూరం ఎందుకొస్తారు? వచ్చినవాళ్లనే సాన పట్టాలి.

1992లో డివిజన్ 2 (పెద్ద యూనివర్సిటీల కింది అంచె కాలేజీల) జాతీయ పోటీ. క్రాస్‌కంట్రీలో టీమ్‌లో ముందొచ్చిన ఐదుగురి స్థానాలు కూడతారు, మొత్తం ఎంత తక్కువైతే అంత మేలు. విహిల్ కుర్రాళ్లు ఒకటి నుంచి ఐదు దాకా వరుసగా వచ్చేశారు. మొత్తం 15. అంతకన్నా తగ్గడం లెక్కలోనే కుదరదు!

కాలేజీ వదిలాకా ఆయన ఆగలేదు. 2004 ఏథెన్స్ మారథాన్‌లో కాంస్యం గెలిచిన డీనా కాస్టర్ ఆయన శిష్యురాలే.

టైటిళ్లు లెక్కపెడితే మెక్‌డొనెల్‌దే పైచేయి. కానీ కొత్తగా కోచింగ్‌లోకి దిగేవాళ్లు అడిగితే నేను అలమోసా వైపే చూపిస్తా. 36 ఏళ్లు ఒకే కుర్చీలో ఉండనిచ్చే పెద్ద యూనివర్సిటీ ఇప్పుడు దొరకొద్దూ?